ఇద్దరు దిద్దిన తెలుగు పాఠాన్ని ఒకటిగా కూర్చడం: టెక్స్ట్ ఫైళ్ల పోలికకు, విలీనానికి సమగ్ర మార్గదర్శి

ఒకే వ్యాసం ప్రూఫ్ దిద్దడానికి ఇద్దరి దగ్గరకు వెళ్లి, రెండు రకాల దిద్దుబాట్లతో తిరిగి వచ్చినప్పుడు, వాటిని ఒకే శుద్ధప్రతిగా కూర్చే పని చిన్న పత్రికల్లోనూ అనువాద బృందాల్లోనూ ఇప్పటికీ ఎక్కువగా కంటితోనే జరుగుతోంది. ఒక ప్రతిని తెర మీద ఎడమవైపు, రెండవ ప్రతిని కుడివైపు తెరిచి, పేరా తరువాత పేరా చదువుతూ తేడాలను చేతితో ఎక్కించుకుంటూ పోయే ఈ పద్ధతిలో, ఎంత శ్రద్ధ గలవారైనా ఏదో ఒక దిద్దుబాటును వదిలేయడం దాదాపు తప్పదు. వదిలేసిన సంగతి అచ్చయ్యే వరకు ఎవరికీ తెలియదు. ప్రోగ్రాములు రాసేవారు ఇదే ఇబ్బందిని ఐదు దశాబ్దాల క్రితమే గుర్తించి తగిన సాధనాలు తయారు చేసుకున్నారు. అవి తెలుగు పాఠానికి కూడా బాగా పనిచేస్తాయి. అయితే మన లిపికి సంబంధించిన కొన్ని జాగ్రత్తలు ముందుగా తీసుకోవాలి, ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

వివరణ అంతటా ఒకే సందర్భాన్ని తీసుకుందాం. నాగార్జునసాగర్ ప్రాజెక్టు మీద ఒక వ్యాసం ఉంది. దాని మొదటి రూపం “మూలం” అనే ఫైలులో ఉంది. మొదటి పరిష్కర్త దిద్ది పంపినది “ప్రతి-1”, రెండవ పరిష్కర్త దిద్ది పంపినది “ప్రతి-2”. ఈ మూడింటి నుంచి “శుద్ధప్రతి” అనే నాలుగవ ఫైలును తయారు చేయాలి.

మూలం లేకుండా విలీనం లేదు

ఈ పనిలో అన్నింటికన్నా ముఖ్యమైన ఫైలు ఎవరూ పట్టించుకోనిది, అంటే దిద్దుబాట్లకు ముందున్న మూలం. కారణం చాలా సూటిగా ఉంటుంది. ప్రతి-1లో ఒక వాక్యం ఉండి, ప్రతి-2లో అదే వాక్యం లేదనుకోండి. మొదటివారు దాన్ని కొత్తగా చేర్చారా, లేక రెండవవారు దాన్ని తొలగించారా? రెండు ఫైళ్లను మాత్రమే చూసి ఈ ప్రశ్నకు ఏ మనిషీ ఏ యంత్రమూ జవాబు చెప్పలేదు. మూలంలో ఆ వాక్యం లేకపోతే అది చేర్పు, కాబట్టి ఉంచాలి. మూలంలో ఉంటే రెండవవారు తొలగించారు, కాబట్టి తీసేయాలి. తీసుకోవలసిన నిర్ణయాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవి, వాటిని తేల్చే సాక్ష్యం మూలం ఒక్కటే.

అందువల్ల మొదటి మెట్టు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనిది. పాఠాన్ని ఇతరులకు పంపే ముందే ఒక నకలు తీసి, పేరులో తేదీ చేర్చి, దాన్ని మార్చడానికి వీల్లేకుండా పక్కన పెట్టండి. విండోస్‌లో ఆ ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి రీడ్-ఓన్లీ అన్న గడిలో టిక్ పెడితే పొరపాటున మార్పులు పడకుండా ఉంటుంది. ఇద్దరు పరిష్కర్తలకూ సరిగ్గా ఆ నకలే వెళ్లాలి. ఒకరికి సోమవారం నాటి ప్రతి, మరొకరికి మధ్యలో మీరు నాలుగు మాటలు సరిచేసిన బుధవారం నాటి ప్రతి పంపితే, వారిద్దరికీ ఉమ్మడి మూలం అంటూ ఉండదు.

మూలం ఇప్పటికే పోయి ఉంటే పాత ఈమెయిల్ జోడింపుల్లోనూ, గూగుల్ డ్రైవ్ వంటి చోట్ల ఉండే పాత వెర్షన్లలోనూ వెతకడానికి ఒక పూట వెచ్చించినా నష్టం లేదు. దొరకకపోతే రెండు ఫైళ్ల పోలికతోనే సరిపెట్టుకోవాలి, అప్పుడు ప్రతి తేడా దగ్గరా మనిషే ఆగి తేల్చాలి.

యంత్రం తేడాను ఎలా కనిపెడుతుంది

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ రూపొందించిన డిఫ్ అనే ప్రోగ్రాము 1974లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐదవ ఎడిషన్‌తో బయటకు వచ్చింది. దాని వెనకనున్న లెక్కను ఆయన జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో ప్రచురించారు. 1986లో యూజీన్ మైయర్స్ ప్రచురించిన మరింత వేగవంతమైన పద్ధతిని, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచి ఉంచే గిట్ అనే సాధనం ఇప్పటికీ తన సహజ పద్ధతిగా వాడుతోంది. వీటన్నింటి మూలసూత్రం ఒకటే. రెండు ఫైళ్లలోనూ అదే వరుసలో కనిపించే పంక్తులను వీలైనంత ఎక్కువగా ఏరి, వాటిని “మారనివి”గా తీసుకుని, మిగిలిన వాటిని చేర్పులుగానో తొలగింపులుగానో చూపిస్తారు.

ఇక్కడ గమనించవలసిన మాట “పంక్తి”. సాధనానికి వాక్యం తెలియదు, పేరా తెలియదు. ఎంటర్ నొక్కిన చోటు నుంచి మళ్లీ ఎంటర్ నొక్కిన చోటు వరకు ఉన్నదంతా దానికి ఒకే పంక్తి. మనం సాధారణంగా పేరా ముగిసినప్పుడే ఎంటర్ నొక్కుతాం కాబట్టి, రెండు వందల మాటల పేరాలో ఒక కామా మారినా పేరా మొత్తం మారినట్టే లెక్క. విలీనంలో దీని ఫలితం మరీ ఇబ్బందికరం. పేరా మొదట్లో ఒకరు, చివర్లో మరొకరు మార్పు చేస్తే, ఆ రెండు మార్పులకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోయినా సాధనం దాన్ని ఘర్షణగా, అంటే మనిషే తేల్చవలసిన చోటుగా, ప్రకటిస్తుంది.

దీనికి పరిష్కారం, దిద్దుబాటు దశలో ఒక్కొక్క వాక్యాన్ని ఒక్కొక్క పంక్తిలో ఉంచడం. పేరాల మధ్య ఒక ఖాళీ పంక్తి వదిలితే పేరా హద్దులు కూడా చెదరవు. శుద్ధప్రతి తయారైన తరువాత పంక్తులను మళ్లీ పేరాలుగా కలపడం నిమిషాల పని. ఈ విభజన మూలంలోనే, పరిష్కర్తలకు పంపే ముందే జరగాలని గట్టిగా చెప్తాను. తరువాత విడదీయవలసి వస్తే మూడు ఫైళ్లనూ ఒకే పద్ధతిలో విడదీయాలి, లేదంటే విడదీసిన తీరులోని తేడాలే అసలు తేడాలను కప్పేస్తాయి.

పోలికకు ముందు ఫైళ్లను శుభ్రం చేయడం

తెలుగు పాఠాన్ని పోల్చేవారిని అందరికన్నా ఎక్కువగా తికమక పెట్టేది, రెండు వైపులా అచ్చం ఒకేలా కనిపిస్తున్న పంక్తులను సాధనం రంగు వేసి “వేరు” అని చూపించడం. సాధనం తప్పు చెప్పడం లేదు. కంటికి ఒకటిగా కనిపించినవి ఫైలులో వేరు వేరు సంకేతాలుగా నిల్వ అయి ఉంటాయి. ఈ తేడాలను ముందే తొలగించకపోతే అసలైన పది దిద్దుబాట్లు వందల కొద్దీ అబద్ధపు తేడాల్లో మునిగిపోతాయి. కింది వరుసలోనే సరిచేసుకుంటూ వెళ్లడం మంచిది.

మొదట ఎన్‌కోడింగ్. ఇది అక్షరాలను ఫైలులో సంకేతాలుగా నిల్వ చేసే పద్ధతి. మూడు ఫైళ్లూ యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఉండాలి. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే దాస్తోంది, కానీ పాత కంప్యూటర్లలో “యూనికోడ్” అని ఎంచుకుని సేవ్ చేసిన ఫైళ్లు నిజానికి యూటీఎఫ్-16లో ఉంటాయి. అలాంటి ఫైలును గిట్ టెక్స్ట్‌గా గుర్తించదు, బైనరీ ఫైలు అనుకుని తేడాలు చూపడానికి నిరాకరిస్తుంది. నోట్‌ప్యాడ్++ అనే ఉచిత ఎడిటరులో ఫైలు తెరిస్తే కింది పట్టీలో ఎన్‌కోడింగ్ కనిపిస్తుంది. ఎన్‌కోడింగ్ మెనూలోని కన్వర్ట్ టు యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయండి. ఆ మెనూలోనే పైన కన్వర్ట్ అన్న మాట లేకుండా ఉన్న యూటీఎఫ్-8 వేరు. అది ఫైలును మార్చదు, ఉన్న సంకేతాలను యూటీఎఫ్-8గా చదవడానికి మాత్రమే ప్రయత్నిస్తుంది.

పాఠం అను ఫాంట్లలో టైపు చేసినదైతే ముందుగా దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు, తెలుగు ముక్కల ఆకారాలు తొడుక్కున్న ఇతర సంకేతాలు. ఒక ప్రతి అనులో, మరొకటి యూనికోడ్‌లో ఉంటే పోలికకు అర్థమే లేదు. రెండూ అనులోనే ఉంటే వాటిని ఒకే కన్వర్టరుతో మార్చండి, అప్పుడు కన్వర్టరు చేసే పొరపాట్లు కూడా రెండు వైపులా ఒకేలా ఉండి పోలికలో అడ్డం రావు.

తరువాత పంక్తి ముగింపులు. విండోస్ ప్రతి పంక్తి చివర రెండు సంకేతాలను, లినక్స్, మ్యాక్ ఒకే సంకేతాన్ని ఉంచుతాయి. ఒక పరిష్కర్త లినక్స్‌లో పనిచేసి ఉంటే ఫైలులోని ప్రతి పంక్తీ మారినట్టు కనిపించవచ్చు. నోట్‌ప్యాడ్++లో ఎడిట్ మెనూలోని ఈఓఎల్ కన్వర్షన్ ద్వారా మూడింటినీ ఒకే తీరుకు తేవచ్చు. అదే మెనూలోని బ్లాంక్ ఆపరేషన్స్ కింద పంక్తుల చివర మిగిలిపోయిన ఖాళీలను తొలగించే ఆదేశం ఉంది, దాన్ని కూడా ఇప్పుడే నడపండి.

ఇక మన లిపికే ప్రత్యేకమైన రెండు సంగతులు. మొదటిది కంటికి కనపడని జోడింపు నిరోధకం, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్. “సాఫ్ట్‌వేర్” అన్న మాటలో టకారపు పొల్లును, తరువాతి వకారాన్ని విడిగా నిలబెట్టేది అదే. అది లేకపోతే ఆ మాట “సాఫ్ట్వేర్” అని వత్తుగా మారిపోతుంది. మాట మధ్యలో దాని అవసరం ఉంది కాబట్టి ఫైలంతా వెతికి ఒక్కసారిగా తీసేయకూడదు. కానీ కొన్ని టైపింగ్ సాధనాలు మాట చివరి పొల్లు తరువాత కూడా దాన్ని చేరుస్తాయి. “కాలేజ్” తరువాత ఎలాగూ ఖాళీ వస్తుంది కాబట్టి అక్కడ దాని వల్ల ప్రయోజనం లేదు. ఆ నిరోధకం, దాని వెంటనే ఖాళీ ఉన్న చోట్లను వెతికి వట్టి ఖాళీతో మార్చండి. అలాగే కామా, పూర్ణవిరామం, పంక్తి ముగింపుల ముందు ఉన్నవాటిని కూడా తొలగించండి. కనపడని ఈ గుర్తులను చూడాలంటే ప్రోగ్రామర్లు వాడే ఎడిటరు విజువల్ స్టూడియో కోడ్‌లో ఫైలు తెరవండి, సాధారణంగా అది ఇలాంటి సంకేతాల చుట్టూ చిన్న పెట్టె గీసి చూపిస్తుంది.

రెండవది ఐత్వం. యూనికోడ్‌లో “కై” అన్న అక్షరాన్ని రెండు విధాలుగా నిల్వ చేయవచ్చు: క తరువాత ఐత్వానికి ఒకే సంకేతం పెట్టవచ్చు, లేదా క తరువాత ఎత్వం, దాని కింద ఐత్వపు రెండవ భాగం అని రెండు సంకేతాలు పెట్టవచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెప్తుంది, కానీ పోలిక సాధనాలు సాధారణంగా సంకేతాలను ఉన్నవి ఉన్నట్టుగానే పోల్చుతాయి. మూడు ఫైళ్లనూ ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ రూపంలోకి మారిస్తే రెండు సంకేతాల ఐత్వాలన్నీ ఒకే సంకేతంగా మారతాయి. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌తో వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్ అనే ఫంక్షన్ ఈ పని చేస్తుంది. జోడింపు నిరోధకాన్ని అది తాకదు, కాబట్టి పై మెట్టు విడిగా చేయవలసిందే.

చివరగా కొటేషన్ గుర్తులు. వర్డ్ నుంచి అతికించిన పాఠంలో వంపు తిరిగిన కొటేషన్లు, విడిపోని ఖాళీలు వచ్చి చేరతాయి. ఏ రూపం వాడాలో నిర్ణయించుకుని మూడు ఫైళ్లలోనూ అదే ఉంచండి. ఈ శుభ్రతంతా నకళ్ల మీదే చేయాలి, పరిష్కర్తలు పంపిన అసలు ఫైళ్లను ముట్టుకోకూడదు.

ఏ సాధనం ఎవరికి

విండోస్‌లో పనిచేసేవారికి విన్‌మెర్జ్ మంచి ప్రారంభం. అది ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లినక్స్ వాడేవారికి గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాతావరణానికి చెందిన మెల్డ్ హాయిగా ఉంటుంది. మూడు ఫైళ్ల విలీనానికి మాత్రం యోఆఖిమ్ ఐబుల్ మొదలుపెట్టిన కేడిఫ్3ని ఎంచుకోమంటాను, ఎందుకంటే అది మూలానికి ప్రత్యేకమైన స్థానం ఇచ్చి, ఫలితాన్ని విడి గడిలో చూపిస్తుంది. డబ్బు పెట్టి కొనగలవారికి బియాండ్ కంపేర్ ఉంది. విజువల్ స్టూడియో కోడ్ ఇప్పటికే వాడుతున్నవారు రెండు ఫైళ్లను ఎంపిక చేసి అందులోనే పోల్చుకోవచ్చు. వర్డ్ ఫైళ్లు టెక్స్ట్ ఫైళ్లు కావు, వాటి అలంకరణ కూడా నిలవాలంటే వర్డ్‌లోని రివ్యూ ట్యాబులో ఉన్న కంపేర్, కంబైన్ ఆదేశాలనే వాడాలి.

ఫైళ్లను అతికించగానే తేడా చూపే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. ఇంకా ప్రచురితం కాని రచనలను, ఒప్పంద పత్రాలను, ఇతరుల వ్యక్తిగత వివరాలున్న పాఠాలను వాటిలో పెట్టవద్దు. ఈ పనికి అవసరమైన సాధనాలన్నీ మీ కంప్యూటరులోనే నడుస్తాయి.

రెండు ఫైళ్ల పోలిక: విన్‌మెర్జ్

విలీనానికి ముందు ఒక్కొక్క పరిష్కర్త ఏమి చేశారో విడివిడిగా చూడటం అవసరం. విన్‌మెర్జ్ తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్ ఎంచుకుని, మొదటి గడిలో మూలాన్ని, రెండవ గడిలో ప్రతి-1ని ఇచ్చి కంపేర్ నొక్కండి. రెండు పాఠాలు పక్కపక్కన తెరుచుకుంటాయి. మారిన పంక్తులకు రంగు పడుతుంది, ఒక వైపే ఉన్న పంక్తికి ఎదురుగా రెండవ వైపు బూడిద రంగు ఖాళీ కనిపిస్తుంది. ఎడమ అంచున ఉన్న సన్నని పట్టీ ఫైలు మొత్తంలో తేడాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపిస్తుంది.

ఆల్ట్ కీతో కింది బాణం నొక్కితే తరువాతి తేడాకు, పై బాణం నొక్కితే వెనకటి తేడాకు వెళ్తారు. ఆల్ట్ కీతో కుడి బాణం నొక్కితే ఎడమవైపు ఉన్నది కుడివైపుకు, ఎడమ బాణం నొక్కితే కుడివైపు ఉన్నది ఎడమవైపుకు నకలు అవుతుంది. కంట్రోల్-జెడ్‌తో వెనక్కి తీసుకోవచ్చు. ఈ దశలో మీరు చూడటానికే వచ్చారు కాబట్టి నకలు చేసే మీటలను తాకకుండా ఉండటం మేలు.

సెట్టింగులలో పంక్తి లోపలి తేడాను అక్షర స్థాయిలో చూపాలా, మాట స్థాయిలో చూపాలా అని ఎంచుకునే వీలుంది. తెలుగుకు మాట స్థాయే ఎంచుకోండి. అక్షర స్థాయిలో హల్లుకు, దాని గుణింతపు గుర్తుకు మధ్య రంగు తెగి, గుర్తు విడిపోయి చుక్కల సున్నా మీద తేలడం కొన్నిసార్లు జరుగుతుంది. అప్పుడు “చేశారు” అన్నది “చేసారు”గా మారిందో, మరొకటిగా మారిందో చదవడమే కష్టం. మాట స్థాయిలో పూర్తి మాట రంగులో కనిపిస్తుంది. సంధి కలిసి పొడవైన మాటలు వచ్చిన చోట రంగు కాస్త ఎక్కువగా పరుచుకున్నా, కన్ను దాన్ని ఒక్కసారిగా పట్టుకుంటుంది.

ఖాళీలను, ఖాళీ పంక్తులను, పంక్తి ముగింపుల తేడాలను పట్టించుకోవద్దని చెప్పే గడులు కూడా సెట్టింగులలో ఉన్నాయి. ఇవి చూపును శుభ్రం చేస్తాయి, ఫైలును కాదు. పైన చెప్పిన శుభ్రతకు బదులుగా వీటిని వాడితే, విలీనం చేసిన ఫైలులో ఆ చెత్త అలాగే మిగులుతుంది.

మూడు ఫైళ్ల విలీనం: కేడిఫ్3

ఇప్పుడు అసలు పని. కేడిఫ్3 తెరవగానే వచ్చే పెట్టెలో ఏ, బీ, సీ అని మూడు గడులు ఉంటాయి. ఏ అన్నది మూలానికి కేటాయించిన గడి. ప్రతి-1ని బీలో, ప్రతి-2ని సీలో ఇవ్వండి. మెర్జ్ అన్న గడిలో టిక్ పెట్టి, ఫలితం దాచవలసిన ఫైలు పేరుగా శుద్ధప్రతి పేరు ఇవ్వండి. దాని పేరు పై మూడింటిలో ఏదీ కాకూడదు. ఎన్‌కోడింగ్ సెట్టింగులలో యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకుని ఓకే నొక్కండి.

సాధనం ప్రతి చోటా మూడు పంక్తులను పక్కపక్కన పెట్టి చూస్తుంది. బీలో మాత్రమే మార్పు ఉంటే బీని, సీలో మాత్రమే ఉంటే సీని తీసుకుంటుంది. ఇద్దరూ ఒకే మార్పు చేసి ఉంటే దాన్ని ఒకసారే తీసుకుంటుంది. ఇద్దరూ ఒకే చోట వేర్వేరు మార్పులు చేసి ఉంటే మాత్రం తాను నిర్ణయించకుండా ఘర్షణగా వదిలిపెడుతుంది. మొత్తం ఎన్ని ఘర్షణలు (ఈ లెక్కలో అది తానే తేల్చగల మార్పులను కూడా ఘర్షణలనే అంటుంది), వాటిలో తానే పరిష్కరించినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అన్న లెక్కను ముందుగా ఒక పెట్టెలో చూపిస్తుంది. ఆ లెక్కను రాసి పెట్టుకోండి.

పై భాగంలో మూడు పాఠాలు, కింది భాగంలో ఫలితం కనిపిస్తాయి. ఫలితంలో ప్రతి మార్పు పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే అక్షరం ఉంటుంది. ప్రశ్నార్థకం ఉన్న చోట మీ నిర్ణయం కావాలి. కంట్రోల్ కీతో 1, 2, 3 నొక్కితే వరుసగా ఏ, బీ, సీలలోని పాఠం ఫలితంలోకి వస్తుంది. రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి ఎంచుకుంటే రెండూ అదే వరుసలో వస్తాయి, మళ్లీ అదే నొక్కితే పోతుంది. ఘర్షణలన్నీ తీరే వరకు కేడిఫ్3 ఫలితాన్ని సేవ్ చేయనివ్వదు, ఇది చాలా మంచి కట్టడి.

మన వ్యాసంలో ఒక ఘర్షణ ఇలా ఉందనుకుందాం. గిట్ వంటి సాధనాలు దాన్ని ఫైలులోనే కింది గుర్తులతో రాస్తాయి:

<<<<<<< ప్రతి-1
నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది.
||||||| మూలం
నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955లో శంకుస్థాపన జరిగింది.
=======
నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు.
>>>>>>> ప్రతి-2

మొదటిదాన్ని ఎంచుకుంటే నెహ్రూ పేరు పోతుంది, రెండవదాన్ని ఎంచుకుంటే తేదీ పోతుంది, రెండింటినీ ఉంచితే ఒకే సంగతి రెండుసార్లు వస్తుంది. మధ్యలో ఉన్న మూలంతో పోల్చి చూస్తే, ఒకరు తేదీని పూర్తి చేశారనీ, మరొకరు కర్తను చేర్చి క్రియను మార్చారనీ వెంటనే తెలుస్తుంది. ఈ రెండు ఉద్దేశాలకూ న్యాయం చేసే వాక్యం ఏ ఫైలులోనూ లేదు, దాన్ని మీరే ఫలితపు గడిలో టైపు చేయాలి: “నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.” ఘర్షణ ఎదురైన ప్రతి చోటా “ఎవరిది తీసుకోవాలి” అని కాక “ఒక్కొక్కరు ఏమి సాధించాలనుకున్నారు” అని అడగడం ఈ పనిలో నేను అన్నింటికన్నా విలువైనదిగా భావించే అలవాటు.

ఇద్దరి ఉద్దేశాలు నిజంగానే పొసగని చోట, ఉదాహరణకు ఒకరు వాక్యాన్ని తొలగించి మరొకరు దాన్ని విస్తరించినప్పుడు, నిర్ణయం కూర్చేవారిది కాదు. దాన్ని రాసి పెట్టుకుని సంపాదకులనో రచయితనో అడగాలి.

సాధనం మౌనంగా దాటిపోయే చోట్లు

ఘర్షణ లేదన్నంత మాత్రాన విలీనం సరిగ్గా ఉన్నట్టు కాదు. సాధనం చూసేది పంక్తులను, అర్థాన్ని కాదు. మూడు సందర్భాలు ప్రత్యేకంగా గమనించాలి.

ఒకటి, పేర్ల ఏకరూపత. మొదటి పరిష్కర్త వ్యాసమంతటా “డ్యామ్”ను “ఆనకట్ట”గా మార్చారు, రెండవవారు “డ్యామ్” అన్న మాట వాడుతూ ఒక కొత్త పేరా చేర్చారు. ఆ కొత్త పేరా మొదటివారు చూసి ఉండరు కాబట్టి ఘర్షణ రాదు, శుద్ధప్రతిలో రెండు మాటలూ నిలిచిపోతాయి. రెండు, ఒకే సమాచారం రెండు చోట్ల చేరడం. కాలువలకు నీరు వదిలిన 1967వ సంవత్సరాన్ని ఒకరు మొదటి పేరాలో, మరొకరు ఐదవ పేరాలో చేరిస్తే సాధనానికి అవి రెండు వేర్వేరు మార్పులు. మూడవది అన్నింటికన్నా కష్టమైనది: పేరా స్థానం మార్చడం. ఒకరు మూడవ పేరాను చివరకు తరలించారు, మరొకరు ఆ పేరాలోనే అచ్చుతప్పు దిద్దారు. తరలింపు అన్నది సాధనానికి ఒక చోట తొలగింపు, మరొక చోట చేర్పు. పాత స్థానంలో ఘర్షణ కనిపిస్తుంది. అక్కడ తొలగింపునే ఎంచుకుంటే దిద్దుబాటు పోతుంది, దిద్దినదాన్ని ఎంచుకుంటే పేరా రెండుసార్లు వస్తుంది. తొలగింపును ఎంచుకుని, దిద్దుబాటును కొత్త స్థానంలో చేతితో ఎక్కించడమే మార్గం.

ఈ కారణంగా పరిష్కర్తలకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది: పేరాలను కదపవలసి ఉంటే కదపకుండా, కదపాలని ఒక గమనికగా రాయమని. దిద్దుబాట్లన్నీ కలిసిన తరువాత క్రమాన్ని మార్చడం ఎంతో తేలిక. ఇప్పటికే కదిపేసి, పంక్తులు ఒకదానికొకటి ఎదురుగా రాకుండా చెదిరిపోయి ఉంటే, కేడిఫ్3లో చేతితో జత కుదిర్చే ఆదేశం, విన్‌మెర్జ్‌లో సమకాల బిందువు పెట్టే ఆదేశం ఉన్నాయి. ఎదురుగా రావలసిన పంక్తులను మీరే చూపిస్తే మిగతా పోలిక మళ్లీ దారిలో పడుతుంది.

గిట్ వాడేవారికి

తరచుగా ఈ పని చేసే బృందమైతే లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ వాడటం శ్రమకు తగిన ఫలితం ఇస్తుంది. గిట్ ప్రతి దశనూ గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి ఉమ్మడి మూలాన్ని తానే వెతుక్కుంటుంది, మీరు విడిగా దాచనక్కర్లేదు. తెలుగువారు మొదట మార్చుకోవలసిన సెట్టింగు కోర్ విభాగంలోని కోట్‌పాత్. దాన్ని ఫాల్స్ చేయకపోతే తెలుగులో ఉన్న ఫైళ్ల పేర్లు వాలుగీతలు, అంకెల వరుసగా కనిపిస్తాయి. రెండవది మెర్జ్ విభాగంలోని కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్. గిట్ మామూలుగా ఘర్షణలో రెండు ప్రతులనే చూపి మూలాన్ని దాచేస్తుంది. ఆ సెట్టింగును డిఫ్3 అని పెడితే పై ఉదాహరణలో ఉన్నట్టు మూలం కూడా మధ్యలో కనిపిస్తుంది. 2022లో వచ్చిన 2.35 వెర్షన్ నుంచి జెడ్‌డిఫ్3 అనే మరింత పొందికైన రూపం కూడా ఉంది.

డిఫ్ ఆదేశానికి వర్డ్-డిఫ్ ఎంపికను చేర్చితే తేడాలు పంక్తులుగా కాక మాటలుగా కనిపిస్తాయి, తెలుగు గద్యాన్ని సమీక్షించడానికి ఇది చాలా అనువైనది. విలీనం మధ్యలో చేయి దాటిపోయిందనిపిస్తే మెర్జ్ ఆదేశాన్ని అబార్ట్ ఎంపికతో నడిపి మొదటి స్థితికి రావచ్చు. మొదలుపెట్టే ముందు అన్ని మార్పులూ కమిట్ అయి, అంటే గిట్ చరిత్రలో నమోదై ఉండాలి. గిట్ భాండారం లేకుండానే మూడు ఫైళ్లను కలపడానికి మెర్జ్-ఫైల్ అనే ఆదేశం ఉంది. దానికి ప్రతి-1, మూలం, ప్రతి-2 అన్న వరుసలో పేర్లు ఇవ్వాలి. ఫలితాన్ని అది మొదటి ఫైలు మీదే రాసేస్తుంది కాబట్టి ప్రతి-1 నకలును మాత్రమే ఇవ్వండి.

శుద్ధప్రతిని పరీక్షించడం

విలీనం ముగిసిన ఫైలును అచ్చుకు పంపే ముందు మూడు పోలికలు చేయాలి. శుద్ధప్రతిని ప్రతి-1తో పోల్చండి; కనిపించే తేడాలన్నీ రెండవ పరిష్కర్త చేసినవో, ఘర్షణల దగ్గర మీరు చేసినవో అయి ఉండాలి. తరువాత ప్రతి-2తో పోల్చండి. అక్కడ కనిపించేవి మొదటి పరిష్కర్త మార్పులో, మీ నిర్ణయాలో అయి ఉండాలి. ఈ రెండింటిలో ఎక్కడైనా ఎవరి ఖాతాలోనూ పడని తేడా ఉంటే, విలీనంలో ఏదో జారిపోయిందన్నమాట. చివరగా మూలంతో పోల్చి, మార్పులన్నింటినీ ఒకసారి వరుసగా చదవండి. సంపాదకులకు చూపించవలసినది కూడా ఈ మూడవ పోలికే.

ఆ తరువాత ఘర్షణ గుర్తులు ఎక్కడైనా మిగిలాయేమో ఏడు “<” గుర్తులను, ఏడు “>” గుర్తులను వెతికి చూడండి. గిట్‌లో డిఫ్ ఆదేశానికి చెక్ ఎంపికను చేర్చితే మిగిలిపోయిన గుర్తులను, పంక్తి చివరి ఖాళీలను అదే పట్టి చూపిస్తుంది. ముందు చెప్పిన ఏకరూపత కోసం, ఇద్దరిలో ఎవరైనా ఫైలంతటా మార్చిన మాటల జాబితా రాసుకుని, పాత రూపాలు ఎక్కడైనా మిగిలాయేమో ఒక్కొక్కటిగా వెతకండి. కొత్తగా చేరిన పేరాలను, ఘర్షణలు తీర్చిన వాక్యాలను వాటి ముందు వెనకల వాక్యాలతో కలిపి బయటకు చదవండి. మొదటివారి కర్తకు రెండవవారి క్రియ తగులుకుని ఏకవచన బహువచనాలు పొసగకపోవడం ఇలాంటి చోట్లనే జరుగుతుంది, దాన్ని ఏ సాధనమూ పట్టుకోదు.

అన్నీ సరిపోయిన తరువాతే వాక్యాలను తిరిగి పేరాలుగా కలపండి. మూలం, ప్రతి-1, ప్రతి-2, శుద్ధప్రతి, సంపాదకులు తేల్చిన సందేహాల జాబితా అన్నీ ఒకే ఫోల్డరులో ఉంచి భద్రపరచండి. రెండవ ముద్రణకు మళ్లీ దిద్దుబాట్లు మొదలైనప్పుడు ఈ శుద్ధప్రతే కొత్త మూలం అవుతుంది, కాబట్టి దాని నకలును కూడా తేదీ వేసి, రీడ్-ఓన్లీ చేసి పెట్టండి.